గుప్పెడు పిండి

ఐజ్వాల్ సంఘానికి నెలనెలా ఒక కాగితం పంపాలి.
గడులున్న కాగితం. ఆరాధనకి వచ్చినవారు, బాప్తిస్మం పొందినవారు,
ప్రార్థనాంశాలు.
ఈ నెల రెండో గడిలో సున్నా పెట్టి
కలానికి మూత పెట్టేశాను.

గడిలో పట్టని సంగతులు చెబుతాను, వింటారా?

ముందు, వంటింటి కప్పు కారుతోంది.
చినుకు పడేచోట గిన్నె పెట్టాం.
చప్పుడుకి పిల్ల లేస్తోందని గిన్నెలో గుడ్డ వేశాం.
ఆ గుడ్డ, వీడ్కోలు రోజున మీరు మా ఆయన భుజాన కప్పిన శాలువా.
క్షమించండి. నీళ్ళు బాగా పీలుస్తుంది.

మొన్న ఆదివారం ఆయన తొలిసారి
కాగితం చూడకుండా చిచేవాలో ప్రసంగించాడు.
ఈ భాషలో చెట్టుకీ వెలకీ ఒకటే మాట, మ్తెంగో.
"మన కోసం ఆ మ్తెంగో మోశాడు" అన్నాడు.
వెనక చాప మీంచి మాయి నఫిరి చెయ్యెత్తింది:
"కాపరీ, మానా? వెలా?"
చెమట తుడుచుకుని, "అవును" అన్నాడు మా ఆయన.
సంఘమంతా నవ్వింది.
కానుకగా వచ్చిన కోడి ఒక్కటే
గంభీరంగా బల్ల దాకా వెళ్ళింది.

ఇంటికొచ్చాక జ్వరం. మలేరియా, మూడోసారి.
రాత్రంతా మన భాషలో పలవరించాడు,
కొండదారి మలుపుల్ని ఒక్కొక్కదాన్నే పేరుపెట్టి పిలుస్తూ.
పక్కన కూర్చుని ప్రార్థించానని రాయాలి.
నిజానికి లెక్కపెట్టాను.
మాత్రలు. చేతిలో ఉన్న క్వాచాలు. ఆసుపత్రికి మైళ్ళు.

రెమ్‌రువాతికి ఆరేళ్ళు నిండాయి.
బొమ్మ గీయమంటే సరస్సు గీస్తుంది,
చేపలెండబెట్టే వెదురుబల్లలు గీస్తుంది.
"మన ఇల్లు గీయవే, కొండమీది ఇల్లు" అంటే
సరస్సు పక్కన చిన్న గుట్ట వేసి
దాని మీద తడాలా వాళ్ళ మేకని నిలబెట్టింది.
ఫోనులో అమ్మమ్మతో "జికోమో" అంది.
"ఏమంటోందే?" అని అమ్మ నన్నడిగింది.
థాంక్స్ చెబుతోందన్నాను.
దేనికని అమ్మ అడగలేదు.

మీరిచ్చిన సీసా అడుగున
ఇంకో చెంచాడు పులిసిన పంది కొవ్వుంది.
వండను. మూత తీసి వాసన చూసి
మళ్ళీ పెట్టేస్తాను.
ఇదీ పాపమేనేమో, ఎవరినడగాలో తెలీదు.

ఇది జనవరి. ఇక్కడ ఆకలి నెల.
పాత జొన్న గాదెలో అడుగంటింది,
కొత్త కంకికి ఇంకా పాలు పట్టలేదు.
జ్వరం నాలుగో రోజున నఫిరి వచ్చింది.
ఇక్కడ తలుపు కొట్టరు, బయట నిలబడి "ఓడీ" అంటారు.
చితెంజే కొంగుముడి విప్పింది. తెల్లటి పిండి.
మూడు రోజులుగా ఎనిమిది ఇళ్ళవాళ్ళు
వండే ముందు పూటకో గుప్పెడు తీసి
పక్కన పెట్టారట.
"కాపరి గారింటికి" అంది.

అమ్మల్లారా,
మన గుప్పెడు బియ్యం సంగతి నేనెప్పుడూ వీళ్ళకి చెప్పలేదు.
పొయ్యి పక్కన మీ డబ్బా, అందులో పూటకో పిడికెడు,
అవి అమ్మిన డబ్బే మా టికెట్టు, మా మందులు, ఈ కాగితం.
పెళ్ళికి ముందు నేనూ తీసేదాన్ని.
ఒక్కోసారి పిడికిలి బాగా బిగించేదాన్ని,
తక్కువ పడాలని.

వద్దనడానికి ఈ భాషలో
మర్యాదైన మాట నోటికి రాలేదు.
వండాను. న్సిమా ఉండలు కట్టింది.
మా ఆయన రెండు ముద్దలు తిన్నాడు,
వారం తర్వాత మొదటి ముద్దలు.
నఫిరి కుండలోకి తొంగిచూసి ఏమీ అనలేదు.
మర్నాడొచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది.

ఇక ప్రార్థనాంశాల గడి.
"వాన" అని రాశాను.
ఆగాలనో, కురవాలనో రాయలేదు.
రెండు రోజులు ఆ కాగితం అలాగే ఉంచాను.

కురవమనే అడగండి.
కంకులు పాలు పట్టాలి.
మాకు గిన్నె ఉంది.